తాళిమి పట్టీ

నైతిక విలువల పీరియడ్ ఏ బడిలోనైనా తెలుగు టీచర్ నెత్తినే పడుతుంది. లెక్కల సారుకు సిలబస్ మిగిలిపోయి ఉంటుంది, ఇంగ్లిషు మేడమ్‌కు గొంతు నొప్పి ఉంటుంది, ఆఖరికి సత్యం, అహింస, ఓర్పు, దయ అన్నీ మూటగట్టి నాలాంటిదాని చేతిలో పెడతారు. అదీ శనివారం ఆఖరి పీరియడ్. పిల్లల చెవులన్నీ ఇంటిగంట మీదే ఉంటాయి. ఆ వేళలో దయ గురించి చెప్పు చూద్దాం.

అయినా నేను అంత తేలిగ్గా వదిలే రకం కాదు. కోరుట్లకు దగ్గర్లో ఉన్న మా ఊరి హైస్కూల్లో ఏడో తరగతి పిల్లల మీద నేను చేయని ప్రయోగం లేదు. చాడీలు మాన్పించడానికి క్లాసులో ఒక ఖాళీ కుర్చీ వేశాను. ఎవరి మీద చాడీ చెప్పాలన్నా ఆ మనిషి ఆ కుర్చీలో కూర్చున్నట్టు అనుకుని ముఖం మీదే చెప్పాలి. వారం తిరిగేసరికి కుర్చీ ముందు రేషన్ షాపు దగ్గర కట్టినట్టు లైను కట్టారు. దొంగా, సొమ్ము పోగొట్టుకున్నవాడూ వేషాలు మార్చుకునే నాటకం వేయించాను. అందరికీ దొంగ వేషమే కావాలి. కోపానికైతే ఒక మట్టికుండ పెట్టాను. కోపం వచ్చినవాళ్లు కుండ మూతికి నోరు ఆనించి కోపమంతా అందులో చెప్పేసి రావాలి. అందరూ బుద్ధిగా చెప్పారు. నా కన్నకూతురు లహరి మాత్రం కుండనే పగలగొట్టింది.

సర్కారు బడిలో జీతం తీసుకుంటూ పిల్లను ప్రైవేటు బడికి పంపితే నలుగురూ నవ్వరా? అందుకే లహరిని మా బడిలోనే చేర్పించాం. పిల్ల బంగారం. చేతికి మాత్రం తొందర ఎక్కువ, మాట నోట్లోంచి రాకముందే చెయ్యి వెళ్లిపోతుంది. ఒకరోజు రుత్విక్ అనే పిల్లవాడు, మీ నానమ్మ బీడీలు చుడుతుంది, నీ దగ్గర కూడా తంబాకు కంపు కొడుతోంది అన్నాడు. అన్నాడో లేదో వాడి ముందుపన్ను సగం విరిగి నేల మీద పడింది. హెడ్‌మాస్టర్ హన్మాండ్లు సారు నన్నూ, మా ఆయన గంగాధర్‌నూ గదిలోకి పిలిచాడు. మా ఆయన అదే బడిలో ఫిజిక్స్ చెబుతాడు. స్టాఫ్ పిల్లయినా సరే, ఇంకొక్కసారి చెయ్యి లేచిందంటే టీసీ ఇచ్చి పంపిస్తానన్నాడు సారు. విలువలు చెప్పే టీచరు కూతురికి టీసీ.

మా ఆయనకు మాత్రం ఇంకేదో తోచింది. మా వీధి చివర మగ్గం నేసే పెద్దాయనకు చేతులు వణికే జబ్బు ఉండేది. ఆయన కోసమని మా ఆయన బడి ల్యాబులో ఒక పట్టీ తయారుచేశాడు. చెయ్యి కదలాలంటే ముందు మెదడు నుంచి ఆజ్ఞ రావాలి. ఆజ్ఞ కండరానికి చేరాక కూడా చెయ్యి కదలడానికి రవ్వంత సమయం పడుతుందట. ముంజేతికి కట్టిన పట్టీ ఆ రవ్వంతలోనే ఆజ్ఞను పసిగట్టి, చీమ కుట్టినంత కరెంటు పంపి కండరాన్ని బిగబట్టి ఉంచుతుంది. ఆ పట్టీ కట్టుకుని పెద్దాయన చాలా కాలం తర్వాత చాయ్ ఒలకకుండా తాగాడు. వణుకును ఆపగలిగినప్పుడు దెబ్బను ఎందుకు ఆపలేం అన్నది మా ఆయన ప్రశ్న.

నాకు మొదట ఒళ్లు మండింది. పిల్ల చేతికి సంకెళ్లు వేస్తావా అని అడిగాను. సంకెళ్లు కాదన్నాడు. ఉన్నట్టుండి లేచిన చెయ్యిని ఒక్క రెప్పపాటు పట్టి ఉంచి వదిలేస్తుందట. రాయడం, తినడం, తల దువ్వుకోవడం లాంటి నిదానం పనుల జోలికి పోదు. ఆ రెప్పపాటు గడిచాక కూడా కొట్టాలనిపిస్తే కొట్టుకోవచ్చు. ఆపడం కాదు, ఆలోచించుకోవడానికి కాస్త సందు ఇవ్వడమేనన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. నేను ఏళ్ల తరబడి కుండలూ కుర్చీలూ పెట్టి చేయబోయింది కూడా అదే కదా.

ల్యాబులో లహరి చేతికి పట్టీ కట్టి, ఎదురుగా కూర్చుని, మా ఆయన అతి మామూలుగా దాని రంగుపెన్సిళ్ల డబ్బా పాత సామాన్లవాడికి ఇచ్చేశానని చెప్పాడు. పిల్ల చెయ్యి పైకి లేచింది. గాలిలో ఆగింది. ఆగిన చెయ్యి వైపు అదే వింతగా చూసుకుంది. తర్వాత చెయ్యి దించి పకపకా నవ్వింది.

"కొట్టాలనిపించింది డాడీ. అంతల్నే, నువ్వు అబద్ధం చెప్తున్నవేమో అనిపించింది."

మా ఆయన ముఖం వెలిగిపోయింది. పట్టీకి పేరు నేనే పెట్టాను. ఓర్పుకు మన భాషలో తాళిమి అన్నంత చక్కని మాట ఉండగా వేరే పేరు ఎందుకని తాళిమి పట్టీ అన్నాను. లహరికి అది పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా చేతికే ఉండేది. టీసీ భయం మాకు అలాంటిది.

మూడు నెలల్లో క్లాసు మొత్తానికీ పట్టీలు వచ్చాయి. తల్లిదండ్రులను పిలిచి చూపించాం, అందరూ ఒప్పుకున్నారు. పిల్లలైతే ఎగబడ్డారు, చక్కిలిగింత పెట్టినట్టు ఉంటుందట. కొట్లాటలు ఎండకు మంచు కరిగినట్టు కరిగిపోయాయి. నా శనివారం పీరియడ్‌కు ఎప్పుడూ లేని కళ వచ్చింది. ఆ రెప్పపాటులో మీకు ఏం కనిపించిందో చెప్పండి అని అడిగేదాన్ని. పిల్లలు చెప్పే జవాబులు వింటుంటే నాకు ఒళ్లు పులకరించేది. ఒక పిల్లకు, తాను గిల్లబోతున్న పిల్ల కళ్లలో అప్పటికే నీళ్లున్నాయని కనిపించిందట. రుత్విక్ లేచి, ఒకణ్ని నెట్టేయబోయి ఆగినప్పుడు వాడి చెప్పు తెగి పిన్నీసుతో కుట్టి ఉండటం చూశానని చెప్పాడు. చూసి ఏం చేశావురా అంటే, సిగ్గుపడ్డ టీచర్ అన్నాడు. సిగ్గు అనే మాట వాడి నోట రావడం అదే మొదటిసారి. ఇలాంటి జవాబు పుస్తకంలోని ఏ పాఠం రాబట్టగలదు?

హన్మాండ్లు సారు మురిసిపోయి వరండా గోడ మీద 'ఓర్చినమ్మకు తేటనీరు' అని పెద్ద అక్షరాలతో రాయించాడు. జిల్లా నుంచి అధికారులు వచ్చి చూస్తారనీ, బాగుంటే మిగతా బడులకూ ఇస్తారనీ కబురు వచ్చింది. మా ఆయన అంగీలు ఇస్త్రీ చేయించుకోవడం మొదలుపెట్టాడు. పెళ్లినాడు కూడా ముడతల అంగీతో పీటల మీద కూర్చున్న మనిషి.

ఆ రోజుల్లోనే నాకు ఒక చప్పుడు పట్టుకుంది. మధ్యాహ్నం పిల్లలు వరండాలో వరసగా కూర్చుని అన్నం తింటుంటే ఖణేల్ ఖణేల్‌మని పళ్లేలూ గ్లాసులూ పడుతున్నాయి. పిల్లలన్నాక పళ్లేలు జారుతాయి, అది వింత కాదు. అంత చప్పుడు ఇదివరకు ఎందుకు లేదా అని చూడటం మొదలుపెట్టాను. వడ్డన దగ్గర నిలబడి అన్నం వైపు కాకుండా చేతుల వైపు చూశాను. ఒక పిల్లవాడి గ్లాసు ఒరిగింది. పక్కవాడు దాన్ని చూశాడు. గ్లాసు పడి, దొర్లి, నీళ్లన్నీ పోయాక అప్పుడు చెయ్యి చాపాడు. ఇంకో పిల్ల గుడ్డు పళ్లెంలోంచి జారింది. ఎదురుగా ఉన్న పిల్ల కళ్లు దాని వెంటే నేలదాకా వెళ్లాయి, చెయ్యి వెళ్లలేదు. ఇదివరకు ఒకరి గ్లాసు జారితే పక్కనున్న ఇద్దరి చేతులు అడ్డంపడేవి. అప్పుడు ఎవరమూ దాన్ని గమనించలేదు, ఎందుకంటే చప్పుడు అయ్యేది కాదు.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెబితే, పిల్లల చేతులు జారితే అది కూడా నా పట్టీ తప్పేనా అన్నాడు. ఆటల పీరియడ్‌లో అందరూ బంతులు బ్రహ్మాండంగా పట్టుకుంటున్నారని పీఈటీ సారు చెప్పాడట. ఆటల పీరియడ్‌లో పట్టీలు విప్పేస్తారు కదయ్యా అన్నాను. అంగీ ఇస్త్రీకి ఇవ్వాలంటూ లేచి వెళ్లాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న మనిషితో ఎంతసేపు వాదిస్తాం? నేనూ ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

తర్వాతి ఆదివారం మా అత్తమ్మ లసుమవ్వ వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతోంది. కొడుకూ కోడలూ ఉద్యోగాలు చేస్తున్నా ఆమె ఆ పని మానలేదు. చేతులు ఊరికే ఉంటే పిచ్చి లేస్తుందంటుంది. ఆకూ తంబాకూ ఉన్న చాట పట్టుకుని లేచింది. అప్పుడే కడిగిన గచ్చు తడిగా ఉంది, కాలు జారింది. లహరి పక్కనే, మూరెడు దూరంలో నిలబడి ఉంది. నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. నా బిడ్డ కళ్లు పెద్దవయ్యాయి. నోరు తెరిచింది. చెయ్యి మాత్రం అత్తమ్మ నేల మీద పడ్డాక లేచింది.

కుడి మణికట్టు విరిగింది. కోరుట్లలో కట్టు కట్టించుకుని మంచం మీద పడుకుని అత్తమ్మ కొడుకును దగ్గరికి పిలిచింది. ఆమె గొంతులో కోపం లేదు, ఏదో తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"పిల్ల నా పక్కనే ఉండెరా. చెయ్యి చాపింది. గని నేను కిందవడ్డంక చాపింది. గట్లెందుకు చేసింది బిడ్డా?"

మా ఆయన లహరి చేతి పట్టీ వైపు చూశాడు. లహరి గోడకు ముఖం పెట్టి ఏడుస్తోంది. నానమ్మ పడటం చూశానని, పట్టుకోవాలనుకున్నానని, అనుకున్నాక చెయ్యి వెళ్లిందని చెప్పింది. పిల్ల చేతి పట్టీ నేనే విప్పేశాను.

మర్నాడు బడి వదిలాక ముగ్గురం ల్యాబుకు వెళ్లాం. లహరి చేతికి పట్టీ బదులు ఆజ్ఞను చూసే తీగలు మాత్రమే అంటించి, తెర మీద గీత వచ్చేలా పెట్టాడు. ముందు పిల్లకు కోపం తెప్పించాడు. రుత్విక్ అన్న మాటే మళ్లీ అన్నాడు. చెయ్యి విసురుగా లేచింది, తెర మీద కొండకొమ్ములా గీత లేచింది. తర్వాత మాటల్లో పెట్టి, చెప్పకుండా బల్ల మీది గాజు పాత్రను మోచేత్తో తోశాడు. పిల్ల చెయ్యి దాని వైపు వెళ్లింది, తెర మీద ఇంకో గీత లేచింది. ఇలా చాలాసార్లు చేసి, గీతలన్నీ కలిపేసి, నన్ను తెర ముందు కూర్చోబెట్టాడు.

"ఈ గీతలల్ల ఏది కొట్టబోయిన చెయ్యి, ఏది ఆదుకోబోయిన చెయ్యి? చెప్పు."

చూశాను. మళ్లీ చూశాను. ఒక దాని మీద ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా లేదు. నాకు తెలియదన్నాను. నాకూ తెలియదన్నాడు ఆయన, స్టూలు మీద కూలబడుతూ. శరీరానికి మంచీ చెడూ ఏమీ లేవట, తొందర ఒక్కటే ఉందట. తిట్టినవాడి మీదికి వెళ్లే చెయ్యీ, పడేవాడి వైపు వెళ్లే చెయ్యీ ఒకే గుమ్మంలోంచి ఒకే పరుగుతో బయల్దేరతాయట. ఇన్నాళ్లూ మేం ఆ గుమ్మానికి గొళ్లెం పెట్టి పిల్లలు మంచివాళ్లయ్యారని చంకలు గుద్దుకున్నాం.

ఆయన అంతటితో వదల్లేదు. ఆ రెండింటికీ తేడా పట్టుకోవాలని రోజుల తరబడి ల్యాబులోనే కూర్చున్నాడు. గుండె కొట్టుకోవడం చూశాడు, ఊపిరి చూశాడు, చేతి చెమట చూశాడు. భయపడ్డా, కోపమొచ్చినా, జాలేసినా అన్నీ ఒకేలా ఉరికాయి. చెయ్యి చేరాల్సిన చోటికి చేరాకే అది ఎందుకు వెళ్లిందో తెలుస్తుంది, అంతకు ముందు పట్టుకునే యంత్రం నా వల్ల కాదు అన్నాడు. ఆయన నోట ఆ మాట వింటే నాకు జాలేసింది.

హన్మాండ్లు సారుకు ఇది చెప్పడం ఇంకా కష్టమైంది. అధికారులు వచ్చే ముందు ఏమిటీ గోల అన్నాడు. బడిలో కొట్లాటలు లేవు, తల్లిదండ్రులు సంతోషంగా ఉన్నారు, నాలుగు గ్లాసులు సొట్టపడితే పడ్డాయి అన్నాడు. మా ఆయన ఎప్పుడూ సారు ముందు గొంతు పెంచడు. ఆ రోజూ పెంచలేదు.

"సారూ, ఒక పిల్లగాడు మురుగు మోరీల పడుతుంటే చుట్టూ పదిమంది నిలబడి చూస్తరు. అందరూ మంచి పిల్లలే. అందరూ పడ్డంక చెయ్యి చాపుతరు."

సారు కిటికీలోంచి వరండాలోని పిల్లల వైపు చూశాడు. చివరికి పట్టీలన్నీ విప్పించమన్నాడు. మేం లేచి వస్తుంటే వెనక నుంచి, లహరి విషయంలో నేను అన్న మాట అలాగే ఉంది, చెయ్యి లేస్తే టీసీయే అని గుర్తుచేశాడు.

పట్టీలు పోయాయి. మిగతా పిల్లలు బడిలో ఉన్నంతసేపే కట్టుకున్నవాళ్లు కాబట్టి వాళ్ల చేతులు తొందరగానే దారికి వచ్చాయి. వాటితోపాటు కొట్లాటలూ వచ్చాయనుకోండి. నా శనివారం పీరియడ్‌ను నేనే తలకిందులు చేశాను. పాఠం చెబుతూ నడుస్తూ సుద్దముక్క జారవిడిచేదాన్ని, డస్టర్ వదిలేసేదాన్ని, ఒక్కోసారి తూలి పడబోయినట్టు నటించేదాన్ని. ఎవరి చెయ్యి అందుకుంటే వాళ్లు, అందుకునే ముందు మనసులో ఏమనుకున్నారో చెప్పాలి. ఏమీ అనుకోలేదు టీచర్ అని అందరూ తెల్లబోయేవారు. ఓర్పు నేర్పడానికి నేను అన్ని తంటాలు పడ్డాను. ఈ ఏమీ అనుకోకపోవడం ఎవరు నేర్పారు వీళ్లకు? ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

లహరి చెయ్యి మాత్రం దారికి రాలేదు. పట్టీ విప్పేసినా అది ఇంకా కట్టే ఉన్నట్టు రెప్పపాటు ఆగుతోంది. ఖోఖోలో అందరికంటే ముందు అవుటైపోతోంది. రుత్విక్ 'స్లోమోషన్' అని పేరు పెట్టాడు, క్లాసంతా అందుకుంది. ఇదివరకైతే వాడి ఇంకో పన్ను ఏమయ్యేదో. ఇప్పుడు పిల్ల వింటుంది, కళ్లు దించుకుంటుంది. కరీంనగర్ తీసుకెళ్లి పెద్ద డాక్టరుకు చూపించాం. నరాల్లో లోపం లేదన్నాడు. ఆగడం మెదడుకు అలవాటైపోయిందట. అలవాటు పోవచ్చు, పోకపోవచ్చు అన్నాడు.

"ఆగినప్పుడు ఎట్లుంటది బిడ్డా?" అని ఒకరోజు తల దువ్వుతూ అడిగాను.

"నా చెయ్యి నన్ను అడుగుతదమ్మా, పోవాల్నా అని. నేను పో అంట. గని అప్పటికే అంత అయిపోతది."

మా ఇల్లు చూసినవాళ్లు మాకు పిచ్చెక్కిందనుకునేవారు. మా ఆయన ఉన్నట్టుండి లహరి పక్కన చెంబు వదిలేసేవాడు. నేను వంటింట్లోంచి పిల్ల మీదికి నిమ్మకాయ విసిరేదాన్ని. పప్పు గిన్నె, టార్చిలైటు, ఆయన కళ్లద్దాలు కూడా అయ్యాయి. అన్నీ నేలపాలే. పిల్ల ప్రతిసారీ వంగి, తీసి, తుడిచి, మళ్లీ చేతికి ఇచ్చి, సారీ డాడీ అనేది. అత్తమ్మ కట్టుచేత్తో మంచం మీదే కూర్చుని, ఇంట్ల ఒక్క గిన్నె సక్కగ లేకుంట చేసిండ్రు, ఆ పిల్లను జర ఊపిరి తీసుకోనియ్యుర్రి అని గొణిగేది. కళ్లద్దాలు పగిలిన రోజు మా ఆయన పెరట్లోకి వెళ్లి నిలబడ్డాడు. వెనకే వెళ్లాను. ఏడుస్తున్నాడు. టీసీ తప్పించబోయి బిడ్డ చెయ్యినే తీసేసుకున్నానన్నాడు. నువ్వొక్కడివేనా, పేరు పెట్టింది నేను కాదా అన్నాను. ఆయన్ని ఓదార్చడానికి అన్న మాట కాదది.

చలికాలం వచ్చింది. ఒకరోజు ఇంటర్వెల్ గంట కొట్టాక నేను దిద్దిన పేపర్లు పట్టుకుని పైఅంతస్తుకు మెట్లెక్కుతున్నాను. మెట్ల పైన, అంచుకు కాస్త లోపలగా లహరి నిలబడి ఉంది. దాని ఎదురుగా రుత్విక్. మెట్లకు వీపు పెట్టి, స్లోమోషన్ స్లోమోషన్ అంటూ చెయ్యి నెమ్మదిగా ఎత్తి చూపిస్తూ, ఒక్కొక్క అడుగూ వెనక్కి వేస్తున్నాడు. వెనక మెట్లున్న సంగతి వాడికి గుర్తులేదు. రుత్విక్ అని నేను అరిచేలోపే వాడి మడమ గాల్లోకి వెళ్లింది.

తర్వాత జరిగింది నేను కింద నుంచి చూశాను. వాడి ఒళ్లు వెనక్కి ఒరిగింది, చేతులు గాలిలో కొట్టుకున్నాయి, లహరి చెయ్యి వాడి అంగీ మీద ఉంది. ఎప్పుడు వెళ్లిందో నాకు కనిపించలేదు. చర్రున జేబు చినిగింది, గుండీలు నా కాళ్ల దాకా దొర్లుకుంటూ వచ్చాయి. లహరి వాడిని లోపలికి గుంజింది, వాడు వరండాలో బోర్లాపడి లేచాడు. లేచాక లహరి వాడి చెంప మీద ఒక్కటిచ్చింది. ఆ రెంటికీ నడుమ ఎంతసేపైందో నేను చెప్పలేను, నా చేతిలోని పేపర్లన్నీ మెట్ల కిందికి జారిపోతున్నాయి.

ఆ దెబ్బ చప్పుడుకు హన్మాండ్లు సారు పక్క గదిలోంచి బయటికి వచ్చాడు. వచ్చేసరికి ఆయనకు కనిపించింది వాడి చెంప, చినిగిన అంగీ, ఇంకా పైకే ఉన్న నా కూతురి చెయ్యి. నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. నేను మెట్లెక్కి రొప్పుతూ జరిగింది చెప్పబోయాను. తల్లివి, నువ్వు అట్లనే చెప్తవమ్మా అన్నాడు, కాస్త జాలిగానే. రేపు గంగాధర్‌ను తీసుకుని ఆఫీసుకు రమ్మన్నాడు. ఎందుకో అందరికీ తెలుసు.

రుత్విక్ చెంప పట్టుకునే నిలబడి ఉన్నాడు. వాడు నోరు మూసుకుని ఉంటే చాలు, పన్ను బాకీ తీరిపోతుంది. వాడు మెట్ల కిందికి ఒకసారి తొంగి చూశాడు.

"సార్, మొదాల పట్టుకున్నది. తర్వాత కొట్టింది."

"పట్టుకునుడేంది?"

"పడుతుంటే పట్టుకున్నది సార్. లేకుంటే నేను గక్కడ ఉంటుంటి." వాడు కిందికి చూపించాడు. అక్కడ నా పేపర్లూ, వాడి గుండీలూ పడి ఉన్నాయి.

సారు మెట్ల అంచుదాకా వచ్చి కిందికి చూశాడు. వాడి అంగీ చూశాడు. లహరిని చెయ్యి దించమన్నాడు, అదింకా పైకే ఉంది. చివరికి టీసీ మాట తీసేశాడు. అయితే బడి అన్నాక పద్ధతి ఉండాలి, రేపు పొద్దున ప్రార్థనలో అందరి ముందూ రుత్విక్‌కు సారీ చెప్పాలన్నాడు. కొట్టినందుకూ, అంగీ చింపినందుకూ. చెప్పి గదిలోకి వెళ్లిపోయాడు. విషయం తెలిసి మా ఆయన ల్యాబులోంచి పరుగెత్తుకొచ్చి, నలుగురు చూస్తున్నారని కూడా లేకుండా పిల్ల చెయ్యి రెండు చేతులతో పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

సాయంత్రం నేనూ లహరీ నడుచుకుంటూ ఇంటికి బయల్దేరాం. మా ఆయన అప్పటికే తల్లికి చెప్పడానికి సైకిల్ మీద వెళ్లిపోయాడు. నాకు ఆనందం ఆగడం లేదు. విలువల టీచర్నని తెలుసు, నా కూతురు ఒకణ్ని చెంప మీద కొట్టిందనీ తెలుసు, అయినా నాకు దారిలో ఎవరు కనిపిస్తే వాళ్లకు చెప్పాలని ఉంది.

"నీ చెయ్యి ఎప్పటి లెక్కనే అయిందిగదనే" అన్నాను.

"పట్టుకునేటప్పుడు అడగలే అమ్మా. అదే పోయింది."

"కొట్టేటప్పుడు గూడ గంతేనా?"

లహరి తన అరచెయ్యి తిప్పి చూసుకుంది.

"లేదు. కొట్టేటప్పుడు ఆగింది. కొట్టాల్నా అని అడిగింది. నేనే కొట్టుమన్న."

నేను నిలబడిపోయాను. మా ఆయన యంత్రాలన్నీ పెట్టి వెతికినా దొరకని తేడా అది. ఆ తేడా తెలిసిన చెయ్యికి కొట్టమని తానే చెప్పిందట. తిట్టాలా, ముద్దు పెట్టుకోవాలా? ఎన్నో శనివారాలు ఓర్పు గురించి వాగిన నేను చివరికి టీచర్లు అడిగే మాటే అడిగాను.

"మరి రేపు ప్రార్థనల సారీ చెప్తవా?"

"చెప్త. కొట్టిన దానికి చెప్త" అంది లహరి. రెండడుగులు వేసి మళ్లీ అంది. "అంగీ చింపిన దానికి మాత్రం చెప్ప."